పిల్లికూతలు

దబ్బనాన్ని పరుపు అంచులో గుచ్చి, అరచేత్తో నెట్టి, అవతల పొడుచుకొచ్చిన మొనను రెండు వేళ్ళతో పట్టి లాగాడు పరుపులాయన. ఎర్రదారం సర్రున వచ్చింది. బిగించి మళ్ళీ గుచ్చాడు. చెయ్యి దాని పని అది చేసుకుపోతోంది గానీ కళ్ళు మాత్రం వీధి మీదే ఉన్నాయి. మేనకోడలు మధ్యాహ్నం వస్తానంది. ఇక్కడ ఇంకా పొద్దుటి టీ కూడా రాలేదు.

"ఏమయ్యా, పెళ్ళివారెవరైనా వస్తున్నారా?" అన్నాడు షావుకారు గల్లాపెట్టె దగ్గర నుంచి.

"మా పిల్ల వస్తుందండి. పాట ఇవాళ సాయంత్రంలోగా పంపాలట."

"పంపనీ. దాని కోసం దూది ఏకే మిషన్ ఆపమంటే మాత్రం ఊరుకోను."

"భోజనాల వేళ మీరు ఎటూ ఆపుతారు కదండీ."

"ఆపడం నా ఇష్టం. ఆపమనడం వేరు."

ఆ పిల్ల వచ్చే రోజున ఎప్పుడూ ఇదే వరస. పరుపులాయన అడగడు, షావుకారు ఒప్పుకోడు. భోజనాల వేళకి మిషన్ మాత్రం ఆగిపోతుంది, ఆ పిల్ల వెళ్ళేదాకా మళ్ళీ మొదలవదు.

పరుపులాయన బక్కమనిషి. దూది ఆయన కనుబొమల మీద, చెవుల మీద, మెడ వెనక ముడతల్లో ఎప్పుడూ ఉంటుంది. స్నానం చేసి వచ్చినా ఎక్కడో ఒక పోగు కనిపిస్తుంది. బయట ఉన్న దూది సరే, లోపలికి పోయినదే ఆయన్ని పట్టుకుంది. ఇన్నేళ్ళు దూది ఏకిన ఛాతీలో పిల్లికూతలు చేరాయి. ఊపిరి పీల్చితే ఒక కూత, వదిలితే ఒక కూత. ముక్కుకి గుడ్డ కట్టుకోమని డాక్టరు చెప్పాడు. కట్టుకుంటాడు కూడా, కానీ గడ్డం కిందకి. ఆ రోజు పొద్దున్నుంచి ఎడమ చెయ్యి లాగుతోంది. రాత్రి పక్క మీద వంకరగా పడుకున్నానేమో అనుకున్నాడు. పరుపులు కుట్టేవాడు ఆ మాట బయటికి అంటే నవ్విపోతారని ఎవరికీ చెప్పలేదు.

ఆయనకున్న పిచ్చి ఒక్కటే, పాట. పాడలేడు. ఆ గొంతు విని చిన్నప్పుడు వాళ్ళక్క చెవులు మూసుకునేది. వినడం మాత్రం ఎవరి దగ్గరా నేర్చుకోనక్కర్లేదు కదా. ఊళ్ళో ఎక్కడ కచేరీ ఉన్నా ఆ హాలు పక్క తలుపు దగ్గర నిలబడి ఉండేవాడు. టిక్కెట్టు కొన్నవాళ్ళు పాడేవాళ్ళ ముఖం చూస్తారు, పక్క తలుపు దగ్గరున్నవాళ్ళు పాట వింటారు అని ఆయన సిద్ధాంతం. జేబు ఖాళీగా ఉన్నవాళ్ళ సిద్ధాంతాలన్నీ ఇలాగే ఉంటాయి. మేనకోడలు పసిపిల్లగా ఉన్నప్పుడు భుజాల మీద ఎక్కించుకుని తీసుకెళ్ళేవాడు. అది ఆయన తల మీదే తాళం వేసేది. పుల్లలాంటి పిల్ల కాబట్టి 'పిట్టా' అని పిలిచేవాడు. ఇప్పుడు కాలేజీలో లెక్కల పద్దులు చదువుతోంది, ఇంకా పిట్టే.

పిట్ట చదువుకునేది చదువుకుంటూ పాటలు కట్టుకుని, పాడి, మొదట్లో ఇంట్లోనే రికార్డు చేసుకునేది. పుట్టినరోజుకి ఇంకేమీ వద్దని చెప్పి మైకు కొనిపించుకుంది. ఆ ఇంట్లో రికార్డు చేయడమంటే మాటలా? పక్కింటి మిక్సీ, మేడ మీద కుళాయి, వీధిలో స్కూటరు. బీరువాలో తల పెట్టి పాడింది. దుప్పటి కప్పుకుని పాడితే చెమటకి మైకు చేతిలోంచి జారిపోయింది. "ఆ పాటలేమైనా కూడు పెడతాయా?" అని వాళ్ళమ్మ ఒక పక్క. చివరికి ఒకరోజు మామయ్యకి క్యారేజీ ఇవ్వడానికి వచ్చి, పరుపులు పైకప్పు దాకా పేర్చిన వెనక గదిలో ఏదో మాట్లాడుతూ ఠక్కున ఆగిపోయింది. చప్పట్లు కొట్టి చూసింది. మళ్ళీ కొట్టింది. చప్పుడు పరుపుల్లోకే ఇంకిపోయింది.

"మామయ్యా, ఇక్కడ అసలు గోడలే లేనట్టుంది!"

అప్పటినుంచి ఆ గది పిట్టది.

ఒక్కటే చిక్కు. ఎదురుగా మామయ్య కూచుంటే గానీ ఆ పిల్లకి పాట రాదు. మామయ్య కూచుంటే ఆయనతో పాటు పిల్లికూతలూ కూచుంటాయి. ప్రతి రికార్డింగులోనూ సన్నగా, పాట కింద నుంచి వినిపిస్తాయి. ఆ శబ్దాన్ని తీసేసే ఉపాయం కంప్యూటర్లో ఉంది. తీసి చూసింది. కూతలతో పాటు తన గొంతు చివర ఉండే వణుకు కూడా పోయింది. ఆసుపత్రిలో టోకెన్లు పిలిచే గొంతులా తయారైంది. "ఛీ" అని తుడిచేసింది.

ఈసారి పాట మామూలుది కాదు. నెలాఖరు శనివారం కాలేజీ హాల్లో విద్యార్థుల కచేరీ. పంపిన పాట నచ్చితేనే వేదిక ఎక్కనిస్తారు. ఎక్కినవాళ్ళ ఇంటివాళ్ళని లోపల కుర్చీల్లో కూచోబెడతారు. పరుపులాయన పుట్టి బుద్ధెరిగాక హాలు లోపల కూచుని పాట విన్నది లేదు. చొక్కా ఇస్త్రీ చేయించి అప్పుడే దాచేశాడు. హాస్టలుకి తలగడలు ఇవ్వడానికి వెళ్ళినప్పుడు హాల్లోకి తొంగిచూసి కుర్చీ కూడా ఎంచుకున్నాడు. చివరి వరసలో, తలుపు పక్కన. కూతలు ఎక్కువైతే ఎవరికీ అడ్డం లేకుండా బయటికి జారుకోవచ్చు.

మధ్యాహ్నం పిట్ట వచ్చింది. షావుకారు మిషన్ ఆపి, "ఆకలేస్తోంది కాబట్టి ఆపుతున్నా" అని అందరికీ వినపడేలా చెప్పి ఇంటికి వెళ్ళాడు.

మొదటిసారి పల్లవి పూర్తవకుండానే కూత వినిపించింది. రెండోసారి పరుపులాయన ఊపిరి బిగబట్టాడు. పాట చక్కగా సాగింది. రెండో చరణం దాకా వచ్చింది. అక్కడ బిగబట్టిన ఊపిరంతా దగ్గై బద్దలైంది.

"మామయ్యా!" పిట్ట చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు లాగేసింది. "అబ్బా, ఇదొక్కటే బాగా వచ్చింది. చెడగొట్టేశావు."

ఆయన ముఖం మాడిపోయింది. పిట్ట నాలుక కరుచుకుంది.

"నిన్ను కాదులే. దాన్ని అన్నా, నీ పిల్లిని."

"నేను బయట కూచుంటానే తల్లీ."

"వద్దు. ఖాళీ గదిలో నాకు రాదు. నువ్వు కదలకు."

"సరే సరే. కదలను. నువ్వు కళ్ళు మూసుకుని పాడు."

పిట్ట కళ్ళు మూసుకుంది. పల్లవి ఎత్తుకుంది. పరుపులాయన ఆ పిల్ల ముఖం చూస్తూ కాసేపు విన్నాడు. ఛాతీలో మళ్ళీ కదలిక మొదలైంది. అది పైకి రాకముందే లేచాడు. ఉత్తకాళ్ళతో దూది మీద అడుగులేస్తూ, ద్వారానికి అడ్డంగా నిలబెట్టిన పరుపు సందులోంచి ఒదిగి బయటికి వచ్చాడు.

ముందు గదిలో ఎవరూ లేరు. సగం కుట్టిన పరుపు పక్కనే నేల మీద కూలబడ్డాడు. ఎడమ చెయ్యి భుజం దాకా బరువుగా ఉంది. పాట సందులోంచి వస్తోంది. ఎన్నో హాళ్ళ పక్క తలుపుల దగ్గర విన్నట్టే విన్నాడు. చేతులు ఊరికే ఉంటే ఆయనకి తోచదు. దబ్బనం తీసి అంచులో గుచ్చాడు. రెండో చరణం చివర సాగదీసే చోట పిట్ట ఎప్పుడూ తొందరపడుతుంది. ఎన్నిసార్లు చెప్పాడో. ఈసారి తొందరపడలేదు. నిలబెట్టి, నెమ్మదిగా దింపింది.

"అదీ!" అనుకున్నాడు. తల పరుపు మీద ఆన్చాడు.

పాట అయిపోయాక కళ్ళు తెరిచి చూస్తే మామయ్య లేడు. పిట్టకి చిర్రెత్తుకొచ్చింది. ఇయర్‌ఫోన్లు పెట్టుకుని విన్నాక ఆ చిరాకు ఎగిరిపోయింది. పరుగెత్తుకుంటూ వచ్చింది.

"మామయ్యా, వచ్చేసింది! దొంగా, ఎప్పుడు లేచిపోయావు? నాకు తెలియనే లేదు."

పరుపులాయన పరుపుకి ఆనుకుని ఉన్నాడు. నిద్రపోతున్నాడనుకుంది. పాపం అలసిపోయాడని పక్కనే కూచుని మళ్ళీ ఒకసారి పాట విన్నది. ఈలోగా షావుకారు చెయ్యి తుడుచుకుంటూ వచ్చాడు.

"ఏమయ్యా, అమ్మాల్సిన సరుకు మీదే నిద్రా?" అని వంగి భుజం తట్టాడు. తట్టిన చెయ్యి వెంటనే తీయలేదు. మెడ దగ్గర చూశాడు, ముక్కు దగ్గర చూశాడు. పిట్ట చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు తనే తీసి, "మీ అమ్మకి ఫోన్ చెయ్యమ్మా" అన్నాడు.

ఆ రోజు మరి మిషన్ వేయలేదు.

పాట పంపే గడువు దాటిపోయింది. విషయం తెలిసి కాలేజీవాళ్ళు ఆగారు. మామయ్య కార్యక్రమాలన్నీ అయ్యాక పిట్ట ఆ రికార్డింగు పెట్టుకుని విన్నది. పల్లవి కింద, ఆ రోజు సంతోషంలో పట్టించుకోని పిల్లికూతలు ఉన్నాయి. మొదటి చరణం దగ్గర ఆగిపోయాయి. అక్కడినుంచి పాట ఒక్కటే. పల్లవి కోసేసి వేరేది అతికించడం నిమిషం పని. ఆ పిల్ల చేయలేదు. ఉన్నది ఉన్నట్టే పంపించింది.

కచేరీ చూసుకునే కుర్రాడు ఫోన్ చేశాడు. "పాట బాగుంది. మొదట్లో ఏదో శబ్దం వస్తోంది, ఏంటది?"

"మా మామయ్య వింటున్నాడు," అంది పిట్ట. ఆ మాట అన్నాక గానీ ఏడుపు రాలేదు.

శనివారం పాడింది. పాటలు కూడు పెడతాయా అన్న వాళ్ళమ్మ చివరి వరసలో తలుపు పక్క కుర్చీలో కూచుని, పైట చెంగు నోట్లో కుక్కుకుని విన్నది.

షావుకారు ఇంకో పనివాణ్ణి పెట్టుకున్నాడు. అతను వచ్చిన రోజునే ఆ సగం పరుపు ముందుకి లాగాడు. "దాన్ని ముట్టుకోకు" అన్నాడు షావుకారు. ఎందుకో చెప్పలేదు. దాన్ని తీసుకెళ్ళి వెనక గదిలో, పిట్ట పాడుకునే చోట గోడకి నిలబెట్టించాడు. దాని ఒక పక్క అంచు ఇంకా తెరిచే ఉంది. అందులో సగం దాకా దిగిన దబ్బనం, దాని బెజ్జంలో ఎర్రదారం.