మొదట పాట, తర్వాతే సినిమా

ఆమె ఉల్లిపాయలు తరుగుతుంటే బల్ల దగ్గర్నుంచి భర్త అన్నాడు. "నీ సినిమాకు సంగీతం ఓ పేరున్న పెద్ద సంగీత దర్శకుడి చేత మళ్ళీ చేయించేశాను. నీకు బరువు తగ్గుతుందని."

కత్తి ఆగింది. సినిమాకు డబ్బు పెట్టింది భర్తే. రాసిందీ తీసిందీ బాణీలు కట్టిందీ ఆమె.

"బరువని నేనెప్పుడన్నాను?"

"అన్నీ నువ్వే అంటే జనం నవ్వుతారు. ఆయన పేరుంటే సినిమా అమ్ముడుపోతుంది. కాస్త మంచినీళ్ళిలా ఇవ్వు."

ఇచ్చింది. ఇచ్చినందుకు తన మీద తనకే ఒళ్ళు మండింది.

మూడు విద్యలు వచ్చిన మగవాణ్ణి బహుముఖ ప్రజ్ఞాశాలి అంటారు. ఆమెను మాత్రం అత్తగారు "దేనిమీదా నిలకడ లేని పిల్ల" అన్నారు. మొదటి సినిమాకు బహుమతి వచ్చినప్పుడు చుట్టాలు అడిగింది ఒకటే, షూటింగ్ రోజుల్లో ఇంట్లో వంటెవరు చేశారని. బయట పల్లకీ మోత, ఇంట్లో ఈగల మోత. పాలు పొంగకుండా చూసుకుంటూ బాణీలు కట్టింది, బట్టలు మడతపెడుతూ కథలు అల్లింది. అందుకే కాబోలు వాటిని ఎవరూ పని అనలేదు, తీరికవేళ సరదా అన్నారు. ఆ తీరిక ఎక్కడుందో చూపిస్తే కాసేపు పడుకునేది.

ఆమె పనిచేసే పద్ధతిని భర్త ఏనాడూ పట్టించుకోలేదు. అందరూ సినిమా తీశాక సంగీతం చేస్తారు. ఆమె బాణీ ముందు కట్టుకుంటుంది. మాటల్లేని ప్రతి సీను తీసేటప్పుడూ దాన్ని స్పీకర్లో పెట్టి, నటి ఆ లయకే తలుపు తీసేలా, నడిచేలా, కూర్చునేలా చేయిస్తుంది.

మర్నాడు సినిమా కొనేవాళ్ళకు దాన్ని కొత్త సంగీతంతో వేసి చూపించారు. తెరమీద తల్లి చనిపోయిన కొడుకు చొక్కా మడతపెట్టబోతోంది. తల్లి చెయ్యి చొక్కాను తాకకముందే వయొలిన్లు గొల్లుమని ఏడ్చి ఊరుకున్నాయి. తర్వాత ఆ తల్లి ఉత్త నిశ్శబ్దంలో, వినపడని పాటకు ఎవరో తాళం వేస్తున్నట్టు, ఆగి ఆగి నడిచింది. వెనక వరసలో ఎవరో నవ్వారు. నవ్వాల్సిన చోటు కాదది. చూస్తున్న ఆమెకు ఏడుపొచ్చింది.

ఇంటికి రాగానే భర్త చెప్పులైనా విప్పకుండా అన్నాడు. "కొత్త సంగీతానికి సరిపడేలా మళ్ళీ ఎడిట్ చెయ్యి. నీకెంతసేపు."

"మొగుడడిగితే ఆమాత్రం సర్దుకోలేవా అమ్మాయ్?" అన్నారు అత్తగారు.

ఇన్నేళ్ళూ సర్దుకుంటూనే వచ్చింది. ఈసారి సర్దుకుంటే ఆ తల్లి ఊరూరా తెరమీద అలాగే నవ్వులపాలవుతుంది.

"సర్దుకోనత్తయ్యా. నా బాణీలు మళ్ళీ పెట్టేస్తాను, నా పేరుతోనే."

"పేరు కోసం ఇంత పంతమా? పేరులో ఏముందే?" అన్నాడు భర్త.

"ఏమీ లేదా? అయితే నిర్మాతగా మీ పేరు కూడా తీసేసి వస్తాను."

ఆయన గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. "అదెలా కుదురుతుంది?"

"నాకూ కుదరదండీ," అని ఆమె ఆయన్ని పక్కకు తప్పించి ఎడిటింగ్ రూముకు బయల్దేరింది.