మొలవని చోట

"విత్తనం ఎలా ఉందండీ?" అని వ్యవసాయ సర్వేకొచ్చినతను అడిగేసరికి ఆమె పొయ్యి మీద టీ పెడుతోంది. వరండాలోంచి మొగుడి గొంతు ఖంగున వినిపించింది.

"దివ్యంగా ఉంది సార్. విత్తనాల కొట్టాయన మనవాడే. పోయినేడు ఒక్క గింజ పోకుండా మొలిచింది. ఈసారీ అదే తెచ్చాను."

ఆమె చేయి ఆగిపోయింది. ఒక్క గింజ పోకుండానట. గత ఏడాది మొక్కజొన్న మొలకలొచ్చాక ఆమె వెళ్ళి చేను చూసింది. ఏ సాలు చూసినా సగం బోసి. కొట్టుకెళ్ళి అడగమంటే, "స్నేహితుణ్ణి మొహం మీద ఎలా అడుగుతానే? ఆ సందుల్లో నాలుగు గింజలు నువ్వే పెట్టెయ్యి, ఎంత పని" అన్నాడు. ఆ నాలుగు గింజల కోసం ఇంట్లో దాచిన విత్తనం నానబెట్టుకుని, వంటా వార్పూ ముగించుకుని, చేనంతా వంగి తిరిగింది. నడుం పట్టేసి గోడ పట్టుకుని లేస్తుంటే అత్తగారు, "మేం చెయ్యలేదా, మా నడుములేమైనా ఇనుపవా?" అంది. చేను నిండుగా ఎదిగాక మొగుడుగారు గట్టు మీద నిలబడి కొట్టాయన విత్తనాన్ని మెచ్చుకున్నారు. బోసి కనిపిస్తే కదా ఎవరైనా నిలదీసేది. ఆ కొట్టు పరువు తన నడుంతో కాపాడుతున్నానని ఇప్పుడు తట్టి ఆమెకు ఒళ్ళు మండిపోయింది.

"ఎరువు టైముకి అందుతోందా?"

"ఏ ఇబ్బందీ లేదు సార్."

ఎందుకుంటుంది? ఎరువు కొట్టు దగ్గర ఆడవాళ్ళ వరుస చిన్నదని ఎండలో నిలబడేది ఆమె.

టీ ఇచ్చింది. అతను మర్యాదకి, "మీరేమైనా చెబుతారా అమ్మా?" అన్నాడు.

"దానికేం తెలుసు సార్, ఇంట్లో ఉండే మనిషి" అని నవ్వాడు మొగుడు.

ఆమె లోపలికెళ్ళి, అటక మీద గింజల మూట దించి, ఉన్నవన్నీ మూకుట్లో పోసి వేయించింది. పళ్ళెంలో తెచ్చి ఇద్దరి మధ్యా పెట్టింది. మొగుడు గుప్పెడు తీసుకుని నమిలాడు.

"కమ్మగా ఉన్నాయే. ఎక్కడివి?"

"మన మూటలోవే. పోయినేడు మీ స్నేహితుడి విత్తనం మొలవని చోటల్లా నేను పెట్టింది ఇలాంటి గింజలే." సర్వే అతని వైపు తిరిగింది. "మొలకలొచ్చాక ఒకసారి రండి బాబూ. ఈసారి సందుల్లో పెట్టడానికి ఇంట్లో ఒక్క గింజ కూడా లేదు."