తగ్గించి రాయించిన రెండేళ్ళు

"ఆ సైకిల్ ఇంకా ఎన్నాళ్ళమ్మా అలా దారికి అడ్డంగా?" అని కొడుకు అప్పటికి నాలుగోసారి అన్నాడు. "ఇందాక మళ్ళీ మోకాలు చెక్కుకుపోయింది."

"చూసుకుని నడువు. ఆరేళ్ళుగా అక్కడే ఉంది. ఇవాళ కొత్తగా దానికి కాళ్ళొచ్చాయా?" అంది తల్లి, కూరలు తరుగుతూనే.

"టైర్లు పాడైపోయాయి. ఎవరికైనా ఇచ్చేస్తే తొక్కుకుంటారు."

"నీ తమ్ముడొస్తే దేనిమీద తిరుగుతాడు? నీ నెత్తిమీదా?"

మనవరాలు కిసుక్కున నవ్వింది. కోడలు నవ్వలేదు. ఇంట్లో ఏ గొడవైనా ఏదో ఒక పక్షం పట్టకుండా ఉండలేని మనిషి, మూడు రోజులుగా మరిది మాట వస్తే చాలు నోరు కుట్టేసుకున్నట్టుంటోంది.

"ముప్ఫై నాలుగేళ్ళొచ్చాయి వాడికి. రావాలనుకుంటే దారి తెలీదా?" అన్నాడు కొడుకు.

"ముప్ఫై నాలుగన్నది కాగితాల్లో. అసలు ముప్ఫై ఆరు. బడిలో వేసేటప్పుడు రెండేళ్ళు తగ్గించి రాయించింది ఎవరనుకున్నావ్? నేనే. ఉద్యోగమొస్తే రెండేళ్ళు ఎక్కువ చేసుకుంటాడని. అంత ముందుచూపు మీలో ఎవరికుంది?"

కోడలి చేతిలోంచి టిఫిన్ డబ్బా మూత జారి కింద పడి, గిర్రున తిరిగి ఆగింది.

ఆమె పని చేసేది తప్పిపోయినవాళ్ళ ఆచూకీ తీసే ఆఫీసులో. అక్కడ పాత ఆసుపత్రి రిజిస్టర్లు, పేపరు ప్రకటనలు, తప్పిపోయినవాళ్ళ జాబితాలు అన్నీ కంప్యూటర్లోని ఒక ఏఐ మోడల్ చదువుతుంది. మనిషికో ఎంట్రీ తయారుచేసి, ఎవరికి ఎవరేమవుతారో, ఏ ఊరో, ఏ పనో గీతలతో కలుపుతుంది. ఒకే పేరున్నవాళ్ళు వందలమంది. రెండు ఎంట్రీలు ఒక్కరివేనా, ఇద్దరివా అన్నదానికి మోడల్ తన అభిప్రాయం చెబుతుంది. ఆఖరి మాట మనిషిది.

"ఈ మోడల్ అచ్చం మా ఆడపడుచే" అంటుంది పక్క సీటావిడ. "తెలిసినా తెలియకపోయినా, తెలియదని మాత్రం అనదు."

మూడు రోజుల క్రితం రెండు ఎంట్రీలు పక్కపక్కన వచ్చాయి. ఒకటి, మరిది కనిపించడం లేదని ఆరేళ్ళ క్రితం తన భర్త ఇచ్చిన ఫిర్యాదులోంచి తీసింది, వయసు ఇరవై ఎనిమిది. రెండోది, ఎక్కడో దూరపు ఊరి ఆసుపత్రిది. అదే పేరు. అదే పుస్తకాలు బైండింగ్ చేసే పని. మరిదికి లాగే ఎడమ బొటనవేలు సగం లేదు. జ్వరంతో చేరి నాలుగోరోజు పోయాడు. తనవాళ్ళంటూ ఎవరూ రాలేదు. వయసు ముప్ఫై అని తనే చెప్పాడు.

కింద మోడల్ రాసింది: "పేరు, పని కలిశాయి. కోత మిషన్ దగ్గర వేలు తెగడం ఈ పనిలో అరుదు కాదు. వయసులో రెండేళ్ళ తేడా ఉంది. బహుశా వేర్వేరు వ్యక్తులు."

ఆ 'బహుశా'ని పట్టుకునే ఆమె మూడు రోజులు అన్నం తింది. 'వేర్వేరు' అని నొక్కితే ఆ రెండు ఎంట్రీలూ ఇక ఎప్పటికీ ఎదురుపడవు. అలాగని నొక్కలేదు. 'తర్వాత' అన్న అరలోకి తోసేసింది.

ఇప్పుడా రెండేళ్ళూ ఎక్కడ పోయాయో తెలిసిపోయింది.

ఇంటివాళ్ళ ఎంట్రీ ముట్టుకోకూడదన్నది ఆఫీసు నియమం. ఆఫీసుకెళ్ళగానే పక్క సీటావిడని పిలిచి, సంగతంతా చెప్పింది.

"నువ్వు నోరు విప్పకపోతే ఎవరికీ తెలియదే!" అందావిడ మెల్లగా.

"నాకు తెలిసిపోయిందిగా."

ఆవిడ కారణం టైపు చేసి, 'ఒక్కరే' అని నొక్కింది. రెప్పపాటులో రెండు ఎంట్రీలూ ఒకటయ్యాయి. తల్లి, అన్న, వదిన అని గీతలు సాగాయి. 'ఆచూకీ లేదు' ఉన్నచోట 'మరణించారు' అని వచ్చింది. తేదీ చూస్తే, ఇల్లు వదిలిన రెండు నెలలకే. ఆ తర్వాత ఎదురుచూసిందంతా లేని మనిషి కోసమే.

సాయంత్రం మెట్లమీదే భర్త చేతిలో ఆ ఎంట్రీ ప్రింటు తీసిన కాగితం పెట్టింది. అతను రెండుసార్లు చదివాడు.

"ఆ మోడల్ పొరపడి ఉండొచ్చుగా?"

"పొరపడిందండీ, నిన్నటిదాకా. మనం బడి కాగితంలోని వయసే రాసిచ్చాం కదా."

"అమ్మకి చెప్పకు. అలా ఎదురుచూస్తూనే ఉండనీ."

ఆమె చెప్పులు విడిచి లోపలికి నడిచింది.

భోజనాల దగ్గర అత్తగారే అడిగింది. "ఏమిటే, ఇద్దరూ మెతుకులు లెక్కపెడుతున్నారు? మళ్ళీ ఏం పోట్లాట?"

భర్త తల వంచుకున్నాడు. కోడలు చెప్పింది. ఊరు, జ్వరం, నాలుగోరోజు.

"ఆ పేరు వాడొక్కడికే ఉందా?" అంది అత్తగారు.

"బొటనవేలు సగం లేదని కూడా రాశారు అత్తయ్యా. వయసు ముప్ఫై అని తనే చెప్పాడట."

పెద్దావిడ కంచం పక్కకి జరిపింది.

"అప్పటికి ముప్ఫయ్యే" అంది. "నిజమే చెప్పాడు." మళ్ళీ, "మనమిచ్చిన కాగితంలో ఇరవై ఎనిమిదేగా, ఆ రెండేళ్ళ సంగతి మీ ఆఫీసువాళ్ళకెలా తెలిసింది?"

"పొద్దున మీరేగా అత్తయ్యా..."

పెద్దావిడ లేచి చెయ్యి కడుక్కుంది. కొంగుతో తుడుచుకుంటూ, మనవరాలితో సహా అందరివంకా ఒకసారి చూసింది.

"రేపు ఆ సైకిల్ ఎవరికైనా ఇచ్చేయండి" అంది. "టైర్లు మార్పించి ఇవ్వండి."