పద్దెనిమిది చదరపు అడుగులు

శనివారంలోగా ఆరాధన చేయాల్సినవి: డ్రోన్ తీసిన ఫొటో మీద నూట పన్నెండు పొలాలకు గట్ల వెంట గీతలు గీయాలి. ఒక్కోదానికి నంబరు వేయాలి. పొలం మధ్యలో బావి ఉంటే ఆ మేరకు బొమ్మలో చిల్లు కోసి, విస్తీర్ణంలోంచి తప్పించాలి. అన్నీ తనిఖీకి పెట్టి పంపేయాలి. ఆఖరున తనంతట తాను రాసుకున్నది ఒకటి: ఏసుబాబు తాత చెప్పిన సమాధి.

కూలికి పోయే ఇంట్లో మొదటి డిగ్రీ ఆరాధనది. సత్తెనపల్లిలో పొలాల మ్యాపులు గీసే ఆఫీసులో చేరి ఆర్నెల్లయింది. కొలతల కోసం ఊళ్లోకి వెళ్లినప్పుడు ఏసుబాబు ఆమెను మిరప చేలో ఆపాడు.

"ఇదిగో అమ్మాయ్, ఇక్కడే మా ఆడమనిషి, హెలెను. అప్పుడిది పత్తి చేను. పత్తి తీస్తా తీస్తా పిడుగు పడి పోయింది. వాగు పొంగి శ్మశానానికి దారి లేకపోతే, ఈ చేను ఆసామి అంకమ్మరావుగారు ఇక్కడే పెట్టుకోరా అన్నారు. నోటిమాటే. ఇప్పుడాయనా లేడు. కొడుకు గిడ్డంగి కట్టేవాళ్లకి అమ్ముతున్నాడు. మ్యాపులో విడిగా చూపిస్తే వదిలేస్తానన్నాడు."

"బొమ్మలో చిల్లు పెడతాను తాతా. అప్పుడా ముక్క పొలంలోకి రాదు."

"మా రేకుల కప్పుకి ఎవరూ పెట్టకుండానే నాలుగున్నాయే!" అని నవ్వి, తువ్వాలుతో కళ్లు తుడుచుకున్నాడు.

ఆరాధన టేపు పట్టి కొలిచింది. ఆరు అడుగుల పొడవు, మూడు అడుగుల వెడల్పు. ఆఫీసులో అంతే కోసింది.

"ఏంటి ఆరాధనా, పొలానికి పురుగు పట్టిందా?" అన్నాడు సీనియర్ త్రినాథ్, తెర మీదకి వంగి.

"సమాధి సార్."

"కాస్త పెద్దది కొయ్. పదడుగులు వేస్తే ఎవడు చూడొచ్చాడు?"

"లేనిది ఎలా గీస్తానండీ? రేపు తాతని దొంగంటారు."

"నీ ఇష్టం తల్లీ."

ఇరవై చదరపు అడుగులకు తక్కువున్న చిల్లులను, చేయి జారి పడిన తప్పులుగా ఎంచి, తనిఖీలో సాఫ్ట్‌వేర్ దానంతటదే పూడ్చేస్తుంది. ఆ సంగతి ఆరాధనకు తెలియదు. 'తప్పులు: సున్నా' అని కనబడగానే పంపేసింది.

నెల తిరక్కముందే ఏసుబాబు ఆఫీసు మెట్ల మీద కూర్చుని ఉన్నాడు.

"కాయితంలో అంతా పొలమే ఉందంట. మొన్న చదును చేసేశారు. మర్చిపోయావా అమ్మాయ్?"

ఆమె పరుగున పోయి ఫైలు తెరిచింది. పొలం నిండుగా, లోపల ఒక్క గీత కూడా లేకుండా ఉంది. బయటికొచ్చి, తాను కోసిన సంగతి చెప్పబోయి ఏడ్చేసింది.

"ఏడవమాక. నువ్వు కోసే ఉంటావులే," అన్నాడాయన. మెట్ల మీంచి లేస్తూ, "ఎముకలైనా ఏరుకోనిస్తే బాగుండేది," అన్నాడు.

సరిదిద్దమని ఆరాధన అర్జీ పెట్టింది. వచ్చి చూసినవాళ్లు, ఇక్కడేముందని అడిగారు. చూపించడానికేమీ లేదు.

ఇప్పుడక్కడ గిడ్డంగి గోడలు లేస్తున్నాయి. ఆ దారిన వెళ్లేవారు, వెళ్లనివారు కూడా, హెలెన్ అనే మనిషిని ఒక్కసారి తలుచుకోండి. ఏసుబాబు భార్య. పత్తి తీసేది.