పాత ఐస్ ఫ్యాక్టరీకి ఉత్తరాన డెబ్బై అయిదు మీటర్లు

చిలుకను తువ్వాలులో చుట్టుకొచ్చిన ఆవిడ గేటు దగ్గర్నుంచి కదలనంది.

“ఫోన్ ఇక్కడికే వచ్చేశామంటోంది,” అంటూ తెరను ఒడీలియా ముఖం ముందు పెట్టింది.

“అంటుందమ్మా. నేనేమో కాదంటున్నాను. ఇది నా ఇల్లు. లోపల నేనూ నా కుట్టుమిషనూ తప్ప డాక్టరెవరూ లేరు.”

“ఇందులో పశువుల క్లినిక్ అని రాసుంది కదండీ!”

“అందులో నేను మహారాణినని రాసుంటే నాకు దండం పెడతారా?”

తువ్వాలులోంచి చిలుక పొడిగా దగ్గింది. ఒడీలియా మెత్తబడి దారి చెప్పింది. వంతెన దాటాలి, పాత ఐస్ ఫ్యాక్టరీ నుంచి ఉత్తరంగా డెబ్బై అయిదు మీటర్లు వెళ్లాలి, ఆకుపచ్చ తలుపు.

“ఆ ఫ్యాక్టరీ దూరానికే కనిపిస్తుందా?”

“కనిపించదు. కూలగొట్టి పదిహేనేళ్లయింది.”

ఆవిడ ఒడీలియాను ఎగాదిగా చూసి, మళ్లీ ఫోన్ వంక చూసుకుంటూ వానలో వెళ్లిపోయింది. ఆ వారంలో అది ఆరో జంతువు. సోమవారం తెల్లారకముందే ఒకాయన ట్రక్కులో దూడను తెచ్చి, గేటు ముందు హారన్ కొట్టి వీధి మొత్తాన్ని లేపాడు.

ఆ టర్రియాల్బా ఊళ్లో ఇంటి నంబర్లు ఎవరికీ పట్టవు. ఉన్నవాటి నుంచి, ఒకప్పుడు ఉండి ఇప్పుడు లేనివాటి నుంచి కూడా మీటర్లు లెక్కపెట్టి చిరునామా చెప్పడమే అక్కడి పద్ధతి. నాలుగు నెలల కిందట వంతెన అవతల పశువుల క్లినిక్ తెరిచినవాళ్లు కూడా చిరునామా అలాగే రాశారు. ఊళ్లోవాళ్లకు అది చాలు. ఫోన్లోని మ్యాప్ మాత్రం ఐస్ ఫ్యాక్టరీ ఎక్కడుందా అని వెతికింది. పాతది దానికి తెలియదు. ఒడీలియా వీధి చివర కొత్తగా కట్టినది దొరికింది. అక్కణ్ణుంచి ఉత్తరంగా డెబ్బై అయిదు మీటర్లు కొలిచి, ఎర్రటి గుర్తు తెచ్చి సరిగ్గా ఆమె గులాబీ మొక్కల మీద గుచ్చింది.

ఒడీలియా ఇరవై ఆరేళ్లు టెలిఫోన్ ఎక్స్చేంజిలో పనిచేసిన మనిషి. చెవికి రిసీవర్ తగిలించుకుని ఊరి మాటలన్నీ కలిపింది, తెగినప్పుడల్లా మళ్లీ కలిపింది. లైను తప్పుగా కలిస్తే “క్షమించండి” అని, ఆ క్షణమే సరిచేసేది. ఇప్పుడీ తప్పు ఎవరికి చెప్పాలో ఆమెకు అంతుపట్టలేదు. మ్యాప్‌లో “మార్పు సూచించండి” అని ఒక మీట ఉంది. పదకొండుసార్లు నొక్కింది. పదకొండుసార్లూ ఒకటే జవాబు: ధన్యవాదాలు, మీ సూచనను నిర్ధారించుకోలేకపోయాం.

చివరికి గోడ మీద పెద్ద బోర్డు పెట్టించింది. ‘ఇది క్లినిక్ కాదు’ అని పైన, కింద అసలు క్లినిక్‌కు దారీ, ఫోన్ నంబరూ. వచ్చినవాళ్లెవరో దాన్ని ఫోటో తీశారు. తెల్లారేసరికి మ్యాప్‌లో ఆ బోర్డే క్లినిక్ ఫోటో అయి కూర్చుంది.

పక్కింటి కిరాణా కొట్టు రిగో, ఊళ్లో పెద్దావిడలను పిలిచే పద్ధతిలో ఆమెను ‘డోన్యా’ అంటూ, ఆ ఫోటో కింద జనం చుక్కలేసి రాసిన అభిప్రాయాలు గట్టిగా చదివి వినిపించేవాడు.

“వినండి డోన్యా. ‘ఒక్క చుక్క. డాక్టరమ్మకు నోటి దురుసు. నా పిల్లిని కన్నెత్తి చూడలేదు.’ ఇంకోటి. ‘రెండు చుక్కలు. వైద్యం లేదు గానీ గులాబీలు బాగున్నాయి.’”

“నవ్వింది చాలు. ఆ కాఫీ పొడి ఇటివ్వు.”

“సాఫ్ట్‌వేర్ పొరపాటు చెయ్యదు డోన్యా. దానికి సరిగ్గా చెప్పడం మనకే చేతకాదు.”

“పొరపాటు చెయ్యనివాడితో ఎలా ఉంటుందో నాకు చెప్పకు. పాతికేళ్లు కాపురం చేశాను.”

ఆ గురువారం సాయంత్రం అయిదింటికి వాన జోరుగా ఉండగా గేటు విరిగిపోయేలా బాదారెవరో. బురద బూట్లతో నిలబడ్డ మనిషి చేతుల్లో నల్లకుక్క ఉంది. నోటినిండా నురగ, కాళ్లు కొయ్యబారుతున్నాయి.

“డాక్టర్! కప్పను కొరికేసిందండీ! తలుపు తియ్యండి తల్లీ!”

ఒడీలియా నోటిదాకా వచ్చిన మాటను మింగేసింది. వానకు బయటపడే ఆ పెద్ద కప్పల విషం సంగతి అక్కడ అందరికీ తెలుసు. వంతెన మీద ఒక్క బండికే దారి. ఆ వేళకు చెరుకు లారీలు బారులు తీరి ఉంటాయి.

“లోపలికి తీసుకురా,” అంది. బోర్డు మీది నంబరు ఆమెకు నోటికొచ్చు, వెంటనే ఫోన్ చేసింది. అవతల ఒక ఆడగొంతు పలికింది.

“డాక్టర్, కుక్క కప్పను కొరికింది. మా ఇంట్లో ఉంది. ఏం చెయ్యమంటారు?”

“ముందు నోరు కడగాలి. తల కిందికి వంచి పట్టుకోమనండి, నీళ్లు గొంతులోకి పోకూడదు.”

“నీ పేరేంటి?” అని ఆ మనిషిని అడిగింది.

“ఎవేలియో.”

“ఎవేలియో, తల కిందికి వంచు. నీళ్ల గొట్టం నేను పడతాను. ఆఁ డాక్టర్, చెప్పండి.”

“పక్కనుంచి, నోట్లోంచి బయటికి. చిగుళ్లు గుడ్డతో తుడవాలి.”

“చిగుళ్లు తుడువు. ఇదిగో గుడ్డ. గట్టిగా కాదు, నెమ్మదిగా. డాక్టర్, ఇంకా వణుకుతోంది.”

“ఆపకండి. పది నిమిషాలు కడిగి వెంటనే బయల్దేరండి.”

ఒక మాట అటు, ఒక మాట ఇటు. ఒడీలియా గొంతు తొణకలేదు. ఎవేలియో మాత్రం ఏడుస్తున్నాడు. “ఫ్రిహోల్, ఒరే ఫ్రిహోల్, చూడరా,” అని కుక్కను పిలుస్తున్నాడు. పది నిమిషాలకు నురగ తగ్గింది.

ఎవేలియోది పొరుగూరు, పాత ఐస్ ఫ్యాక్టరీ ఎక్కడుండేదో తెలియదు. అందుకని ఒడీలియా ఇంటి చెప్పులతోనే అతని ట్రక్కెక్కింది. వంతెన దగ్గర కిటికీలోంచి తల బయటపెట్టి లారీవాళ్లను పేరుపేరునా తిట్టి దారి ఇప్పించింది.

ఆకుపచ్చ తలుపు వెనకున్న డాక్టర్ యోర్లేనికి ముప్పై రెండేళ్లుంటాయి. ఫ్రిహోల్‌కు సూది వేసి, సెలైన్ పెట్టి, గంట తర్వాత “బతికాడు” అంది. ఎవేలియో ఫ్రిహోల్ చెవులు నిమురుతూ కూర్చున్నాడు. యోర్లేని బెల్లం కలిపిన వేడినీళ్లు మూడు గిన్నెల్లో తెచ్చింది. ఒడీలియా చుట్టూ చూసింది. గోడ వారగా ఆరు కుర్చీలు, అన్నీ ఖాళీ.

“మీ ఇంటికొచ్చినాయన పేరు మీరు అడుగుతుంటేనే ఫోన్లో గుర్తుపట్టాను,” అంది యోర్లేని. “మా రోగులను తిట్టి పంపే డోన్యా మీరేగా?”

“తిట్టి కాదు, దారి చెప్పి పంపుతున్నాను. నువ్వు దాన్ని మార్పించవేం? నీ క్లినిక్కేగా?”

“నాదేనని నమ్మితేగా! వాళ్లకు రుజువు కావాలట. చిరునామాకు ఉత్తరంలో ఒక నంబరు పంపుతారు, అది తెచ్చి చూపించాలి. నెలంతా పోస్టాఫీసు చుట్టూ తిరిగాను. రాలేదు.”

“ఏ చిరునామాకు?”

“మ్యాప్‌లో ఉన్న...” అంటూ యోర్లేని ఆగిపోయింది.

ఒడీలియా గిన్నె కింద పెట్టింది. ఆమెకు గుర్తొచ్చింది: తెల్లటి కవరు, పైన క్లినిక్ పేరు. అది వచ్చినరోజు పొద్దున్నే, వైద్యానికి తెచ్చిన ఒక మేక ఆమె గులాబీలు తిని పోయింది.

“వచ్చింది,” అంది. “‘ఇలాంటిది ఇక్కడ లేదు, ఎప్పుడూ లేదు’ అని ఎర్ర సిరాతో రాసి నేనే తిప్పి పంపేశాను.”

యోర్లేని ముఖం ఎర్రబడింది. “ఒక్క ఫోన్ చెయ్యలేకపోయారా డోన్యా? నంబరు మీ గోడ మీదే ఉందే! నాలుగు నెలలుగా ఈ కుర్చీలు తుడుచుకుంటూ కూర్చున్నాను.”

“చెయ్యలేదు. నీ క్లినిక్ పేరు చూస్తేనే ఒళ్లు మండేది.”

తప్పు ఎక్కడో కంప్యూటర్లో ఉందని నాలుగు నెలలు తిట్టిన మనిషికి, అందులో ఒక ముక్క తన చేతిరాతలోనే ఉందని ఒప్పుకోవడం చేదుగా ఉంది.

ఆ సాయంత్రమే మళ్లీ దరఖాస్తు పెట్టారు. నంబరున్న ఉత్తరం ముప్పై రోజుల్లోపు వస్తుందన్నారు. అన్ని రోజులూ ఒడీలియా పోస్టుమాన్ కోసం గేటు దగ్గర కాపలా కాసింది. ఇరవై మూడో రోజున కవరు చేతికందగానే గొడుగు తీసుకుని, నడుచుకుంటూ వంతెన దాటింది.

అయిదంకెలు. యోర్లేని ఒక్కొక్కటే కొట్టింది. తెర మీద రంగుకాగితాల వాన కురిసింది. ‘అభినందనలు! మీ క్లినిక్ ఈ చిరునామాలోనే ఉన్నట్టు ధ్రువీకరించాం.’ కింద ఒడీలియా ఇల్లు, గులాబీలతో సహా.

యోర్లేని తల బల్లమీద వాల్చేసింది.

“లే అమ్మాయ్,” అంది ఒడీలియా. “ఇప్పుడు యజమానివి నువ్వేనని ఒప్పుకుందిగా. ఆ ఎర్రదాన్ని పట్టుకుని లాగు.”

వేలితో లాక్కుంటూ, వంతెన దాటించి, ఆకుపచ్చ తలుపు మీద పెట్టారు. ‘పరిశీలిస్తున్నాం’ అంది తెర. ఇక ఆగలేక ఒడీలియా తన ఫోన్లోంచి కూడా పన్నెండోసారి మీట నొక్కింది: ‘మా ఇంట్లో క్లినిక్ లేదు, తీసెయ్యండి.’

పరిశీలనకు పందొమ్మిది రోజులు పట్టింది. ఆ రోజుల్లో ఒక తాబేలు, రెండు కోళ్లు, కన్ను వాచిన ఒక గుర్రం వచ్చాయి. ఇరవయ్యో రోజున ఎవరూ రాలేదు. ఒడీలియా మ్యాప్ తెరిచి చూసింది. గుర్తు వంతెన అవతలికి వెళ్లిపోయింది.

అప్పుడే ఫోన్ టింగుమంది. కళ్లజోడు పెట్టుకుని చదివింది. ‘మీ పన్నెండో సూచనను అంగీకరించలేకపోయాం. మీరు చెప్పిన చోట క్లినిక్ ఏదీ లేదు.’

జవాబు రాయడానికి చోటుందేమోనని కిందికీ పైకీ జరిపి చూసింది. లేదు. యోర్లేనికి ఫోన్ చేసి, ఆ రెండు వాక్యాలూ గట్టిగా చదివింది. అవతల యోర్లేని నవ్వు ఆపుకోలేకపోతోంది, వెనక కుక్కలు మొరుగుతున్నాయి, ఎవరో తమ వంతు ఎప్పుడని అడుగుతున్నారు.

“నవ్వకు అమ్మాయ్,” అంది ఒడీలియా. “నాకింకా కోపంగానే ఉంది.”