మావాడికి అలసటే లేదు

వదిన గోంగూర తుంచుతోంది, నేను కాడలు పక్కన పడేస్తున్నాను. అమీర్‌పేటలో మాది రెండు గదుల ఇల్లు. ముందు గదిలో ఎవరు మాట్లాడినా వంటింట్లోకి వినబడుతుంది.

ముందు గదిలో అన్న కమలాకర్, అమ్మ, జానకీదేవి గారు ఉన్నారు. అన్న పనిచేసే పంజాగుట్ట కాల్ సెంటర్‌లో ఉద్యోగులు ఎంత అలసిపోయారో పరిశోధిస్తున్న సైకాలజిస్టు ఆవిడ. బాగా అలసినట్టు తేలినవాళ్లకు కంపెనీ జీతంతో పదిహేను రోజులు సెలవిస్తుంది. ఆ సెలవు కోసం అన్న కలలు కంటున్నాడు, అదీ మెలకువలోనే. నిద్ర పడితే కదా.

అమ్మకు మాత్రం సైకాలజిస్టు అనగానే ఎర్రగడ్డ పిచ్చాసుపత్రి గుర్తొచ్చింది. అన్నను పెళ్లిచూపులకు కూర్చోబెట్టినట్టు ఇస్త్రీ చొక్కాతో కూర్చోబెట్టింది. తనను లోపలికి వెళ్లమని జానకీదేవి గారు రెండుసార్లు అడిగితే, అమ్మ రెండుసార్లూ చాయ్ పోసింది.

"నిద్ర ఎలా పడుతోందండీ?" అని ఆవిడ అన్నను అడిగారు.

"మస్తు పడ్తది మేడం," అంది అమ్మ.

"అమ్మా, జర నన్ను చెప్పనియ్యే."

"నువ్వు ఊకో. వానికి సిగ్గు మేడం."

"ఆఫీసంటే విసుగేమైనా?"

"విసుగెక్కడిది? ఆయితారం సుత పోతనంటడు, మేమే పట్టుకుంటం."

వదిన నా వైపు వంగింది. "అత్తమ్మ సెలవు మొత్తం పోగొడ్తున్నది. నువ్వు పోయి చెప్పు బిందూ."

"నువ్వు చెప్పరాదు వదినా?"

"నేను కోడల్ని. నువ్వు బిడ్డవు."

ఇద్దరం గోంగూర తుంచుతూనే ఉన్నాం.

అన్న గొంతు పెంచాడు. "నాకు తల పగుల్తుంది మేడం. ఫోన్ మోగితే చేతులు వణుకుతయి."

అమ్మ పకపకా నవ్వింది. "గిట్లనే నవ్విస్తడు మేడం. ఇంట్ల మాకందరికీ వీడే టైంపాస్."

జానకీదేవి గారూ నవ్వేశారు. "ఇంత పనిలోనూ ఈ హాస్యం ఏంటండీ కమలాకర్ గారూ. మీకు సెలవెందుకు? ఒత్తిడి లేకుండా ఎలా ఉండాలో ఇకపై ఆదివారాలు మీరే మిగతావాళ్లకు చెప్పాలి. మీ మేనేజరుతో ఇప్పుడే మాట్లాడతాను."

ఆవిడ ఫోన్‌లో మాట్లాడుతూనే మెట్లు దిగారు. అమ్మ గుమ్మం దాకా సాగనంపింది.

"సూసినవార, నౌకరి ఎట్ల కాపాడిననో," అంటూ వచ్చి కూర్చుంది.

అన్న ఫోన్ మోగింది. మేనేజరు. అన్న దాన్ని తీసి అమ్మ ఒళ్లో పెట్టాడు. లోపలికి వచ్చి, మంచం మీది దిండు చంకలో ఇరికించుకుని, చెప్పులేసుకుని బయటికి వెళ్లిపోయాడు.