నిండు కరెంటు

గిరికి పాటల పిచ్చి అని ఊరంతా అనుకునేది. నిజానికి పాట ఏదైనా అతనికి పెద్ద పట్టింపు లేదు. పాడే మనిషి చరణానికి ముందు ఊపిరి తీసుకునేది, ఫిడేలు మీద కమాను వెనక్కి మళ్ళేటప్పుడు వచ్చే చిన్న గీర, తబలా మీద అరచెయ్యి ఆనించినప్పటి మెత్తదనం, ఇవి వినపడితే చాలు. ఆ పూటకు అన్నం గూడా మర్చిపోయేవాడు.

వాళ్ళ ఊరు కుందుర్పికి అవతల, కర్ణాటక పొలిమేర ఆనుకొని ఉంటుంది. వాన పడితే శెనక్కాయ, పడకపోతే అదీ లేదు. గిరికి బోరు ఒకటి ఉండేది. దాని కింద టమోటా పెట్టేవాడు. పెళ్ళికి ముందు ఏడు, తొంభై ఆరులో, కల్యాణదుర్గంలో ఒక టేప్ రికార్డరు కొన్నాడు. ఒకటే స్పీకరు. అందులో ఏ పాట పెట్టినా ముక్కు మూసుకొని పాడినట్టే ఉండేది. ఊళ్ళో మిగతావాళ్ళకు అది చాలు. గిరికి చాలలేదు. దాన్ని గూట్లో పెట్టి చూసినాడు, ఖాళీ నీళ్ళ గాబు మీద పెట్టి చూసినాడు, నాపరాయి మీద పెట్టి చూసినాడు. పెట్టిన చోటల్లా మోత మారతా ఉంటే ఆశ్చర్యపోయినాడు. డబ్బాలో ఉన్నదే శబ్దం కాదని, దాన్ని ఇంకా బయటికి తీయొచ్చని ఆ దినమే అతనికి తెలిసింది. ఆ తెలివిడి మనిషిని ఇంక వదల్లేదు.

కల్యాణదుర్గం బస్టాండు వెనక యేసన్నకు రేడియో రిపేరు అంగడి ఉండేది. గిరి ఆయన చుట్టూ తిరిగి తిరిగి స్టీరియో ఆంప్లిఫయరు ఒకటి చేయించుకున్నాడు. రేకు డబ్బా, ముందర రెండు గుండీలు, అంతే. స్పీకర్లకు చెక్కపెట్టెలు చేయించే తాహతు లేదంటే యేసన్నే దోవ చెప్పినాడు.

"కుమ్మరోళ్ళ కాడ రెండు కుండలు తెచ్చుకోప్పా. మూతికి స్పీకర్లు బిగించి మూలకొకటి పెట్టు. బేసు ఎట్లొస్తాదో చూడు."

అప్పటికి ఉమాదేవి కొత్తగా కాపురానికి వచ్చింది. మొగుడు కుండలు తెస్తావుంటే నీళ్ళకేమో అనుకొని కడిగి పెట్టబోయింది. "వాటిని తడపొద్దు, అవి పాటకు" అన్నాడు గిరి. ఆ యమ్మకు నవ్వు ఆగలేదు.

ఆ సాయంత్రం మారెప్పను పిలుచుకొచ్చినాడు. మారెప్ప పొలం గిరి పొలం గట్టుకు అవతలే. ఇద్దరూ ఈడువాళ్ళు. మారెప్పకు కొన్ని గొర్రెలు, ఒక బోరు, మంచి గొంతు ఉండేవి. భజనల్లో పైశ్రుతి అందుకునేది అతనే. గిరి అతన్ని రెండు కుండలకూ నడిమధ్య కూర్చోబెట్టి, కదలొద్దని చెప్పి, క్యాసెట్టు పెట్టినాడు. మారెప్ప కొంచేపు బిక్కమొగం పెట్టి చూసినాడు. తర్వాత కళ్ళు మూసుకున్నాడు.

"ఏమప్పా గిరీ," అన్నాడు మెల్లగా, "ఫిడేలాయప్ప ఆ మూల కూర్చోనుండాడు. తబలాయప్ప మన తలుపు కాడ ఉండాడు. పాడే యమ్మ నా ముందరే నిలబడుండాది గదప్పా!"

గిరికి అంతకంటే ఏం కావాల? వినేటోడు ఒకడు దొరికినాడు. అప్పటినుంచి పొద్దు వాలినాక ఇద్దరూ అట్లే కూర్చునేవాళ్ళు. వాళ్ళ మధ్య మాటలు తక్కువ.

అయితే ఆ పాట కింద ఇంకొకటి ఉండేది. గుర్రుమని ఒక మోత. పాట నిదానించినప్పుడల్లా పైకి తేలేది. పాడే మనిషి ఊపిరిని మింగేసేది. యేసన్న పనితనమే తప్పనుకొని గిరి ఆంప్లిఫయరును గుడ్డలో చుట్టుకొని బస్సెక్కినాడు. అంగట్లో పెడితే మోత లేదు. ఇంటికి తెస్తే ఉంది. మళ్ళీ తీసుకపోయినాడు. అక్కడ లేదు. చివరికి యేసన్నే ఒకదినం పని పెట్టుకొని ఊరికొచ్చి, గోడకున్న ప్లగ్గులో మీటరు పెట్టి చూసినాడు.

"ఇది కరెంటు గాదప్పా, కరెంటు వాసన" అన్నాడు. "త్రీఫేసు పోయి ఇండ్ల సింగిలుఫేసే మిగిలినంక గూడా మోటర్లు ఆడల్లని అందరూ కండెన్సర్లు పెట్టుకొనుండారు గదా. ఇండ్లకొచ్చే కరెంటంతా చేలల్లోనే తాగేస్తాండాయి. నా డబ్బా ఏం జేస్తాది పాపం?"

గిరి మోటరుకు గూడా కండెన్సరు ఉంది. టమోటాకు నీళ్ళు కట్టాలంటే అది లేకుండా కుదరదు. మారెప్పకూ ఉంది. ఊళ్ళో లేనిది ఎవరికి?

అప్పటినుంచి గిరి ఆ మోతతో తలపడినాడు. స్టెబిలైజరు తెచ్చినాడు. అది రాత్రీ పగలూ టక్కుమని కొట్టుకొనేది. కుండలు తీసేసి వేపచెక్కతో పెట్టెలు చేయించినాడు. పాత టేప్ రికార్డరు పోయి డెక్కు వచ్చింది, డెక్కు తర్వాత సీడీ ప్లేయరు వచ్చింది. ఒక్కొక్కటి వచ్చినప్పుడల్లా పాట మీదున్న పొర ఒకటి లేచిపోయేది. కింద ఆ గుర్రు మాత్రం ఉండేది. పైన పొరలు లేచేకొద్దీ అదే ఇంకా బాగా వినపడేది.

రెండువేల ఒకటిలో టమోటాకు మంచి ధర పలికింది. అట్లాంటి ఏడు అంతకుముందు లేదు, తర్వాతా రాలేదు. అప్పటికే బోరులో నీళ్ళు సన్నబడుతున్నాయి. ఉమాదేవి ఒక్క మాటే చెప్పింది.

"ఈసారి బోరు లోతు చేయిద్దాం. ఇంగేమీ వద్దు."

"అట్లేలే" అన్నాడు గిరి. మోసం చేయాలని అనలేదు. నిజంగా చేయించాలనే అన్నాడు. కానీ టమోటా లోడుతో బెంగళూరికి పోయినప్పుడు, యేసన్న చెప్పిన ఒక ఇంటికి ఊరికే చూసి వద్దామని పోయినాడు. ఇల్లు ఖాళీ చేస్తావున్న ఒక పెద్దాయన తన విదేశీ ఆంప్లిఫయరూ, నడుమెత్తు స్పీకర్లూ అమ్ముతున్నాడు. ఆయన తెలుగు రాని మనిషి. గిరికి కన్నడం వచ్చు గాబట్టి మాటలకు ఇబ్బంది లేకపోయింది. "ఏం కావాలో పెట్టుకొని విను" అని పెద్దాయన కుర్చీ చూపించినాడు. గిరి తన వెంట తెచ్చుకున్న సీడీ పెట్టినాడు.

గుర్రు లేదు. పాటకు ముందు నిశ్శబ్దం ఉంది. అట్లాంటి నిశ్శబ్దం గిరి ఎప్పుడూ వినలేదు. అందులోనుంచి ఒక ఆడమనిషి ఊపిరి తీసుకుంది. గిరి వెనక్కి తిరిగి చూసినాడు, గదిలోకి ఎవరో వచ్చినారేమోనని.

టమోటా డబ్బు అక్కడే ఇచ్చేసి, లారీ తిరిగొచ్చేటప్పుడు ఖాళీ బాక్సుల మధ్య గోనెసంచులు పరిచి ఆ ఆంప్లిఫయరూ స్పీకర్లూ ఎక్కించుకొచ్చినాడు. దారి పొడుగునా వాటికి ఆనుకొని కూర్చున్నాడు. ఇంట్లో దించుతావుంటే ఉమాదేవి గడపలో నిలబడి చూసింది. అరవలేదు. "బోరు?" అని మాత్రం అడిగింది. వచ్చే ఏడు అన్నాడు. ఆ యమ్మ లోపలికి పోయి పొయ్యి దగ్గర కూర్చుంది.

ఆ పూట మారెప్ప గూడా వచ్చినాడు. అంతా బిగించి స్విచ్చి వేసినారు. గుర్రుమంది. బెంగళూరు ఆంప్లిఫయరు యేసన్న డబ్బా కంటే చాలా పెద్దది గదా, గుర్రు గూడా అంత పెద్దగానే పలికింది. పాట అందుకోగానే స్టెబిలైజరు టక్కుమని కొట్టింది, ఆంప్లిఫయరు దానంతట అదే ఆరిపోయింది. మళ్ళీ వేస్తే మళ్ళీ ఆరిపోయింది. మారెప్ప తల గోక్కుంటూ, "మోటర్లు ఆగినప్పుడు ఏసుకుందాంలేప్పా" అన్నాడు. మోటర్లు ఆగేది ఎప్పుడు? ఒకరిది ఆగితే ఇంకొకరిది ఆడేది. గిరి స్పీకర్ల మీద పాత చీర కప్పినాడు.

తర్వాత ఏడు వాన రాలేదు. ఆ పై ఏడూ రాలేదు. బోర్లు ఒకటొకటే ఎండడం మొదలుపెట్టినాయి. గిరి బోరు కొన్నాళ్ళు గాలి, నీళ్ళు కలిపి దగ్గింది. తర్వాత గాలే వచ్చింది. మోటరు పైకి లాగి కొట్టంలో పడేసినాడు. టమోటా చెట్లు కర్రలకు కట్టినవి కట్టినట్టే ఎండిపోయినాయి.

మారెప్ప మొండివాడు. గొర్రెలు కొన్ని అమ్మి బోరుబండి పిలిపించినాడు. బండి పొద్దుననగా మొదలుపెట్టి తవ్వుతావుంటే తెల్లటి దుమ్ము పైకి లేచి ఊరి మీదికంతా వచ్చింది. తడి తగల్లేదు. మిగిలిన గొర్రెలు అమ్మి ఇంకొక చోట వేయించినాడు. అక్కడా దుమ్మే. అరచేతిలో టెంకాయ నిలబెట్టి నీళ్ళ జాడ చూసే ఆయప్పను పిలిపించి, మూడో చోటు చూపించుకొని అక్కడా తవ్వించినాడు. ఆ దుమ్ము మారెప్ప ఇంటి పైకప్పు మీద, భార్య బయమ్మ ఆరేసిన గుడ్డల మీద, పిల్లోళ్ళ రెప్పల మీద పడింది. గిరి పక్కనే నిలబడి చూసినాడు. మారెప్ప బండి దగ్గరినుంచి నడిచొచ్చి, "రాయేప్పా, కిందంతా రాయే" అన్నాడు. అంతే, ఇంక బోరు మాట ఎత్తలేదు.

ఆ ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం గిరి మంచం మీద పడుకొని ఉన్నాడు. పైన ఫ్యాను మామూలుగా మొరాయిస్తూ తిరిగేది. ఆ దినం గాలి మొగాన కొడుతూ గిరగిరా తిరుగుతోంది. గిరి దాన్ని చూస్తా పడుకున్నాడు. తర్వాత స్టెబిలైజరు వైపు చూసినాడు. దాని ముల్లు నిలకడగా ఉంది. టక్కుమనలేదు. లేచి, స్పీకర్ల మీద చీర తీసి, దుమ్ము తుడిచి, స్విచ్చి వేసినాడు.

మోత లేదు. సీడీ పెట్టినాడు. బెంగళూరు ఇంట్లో విన్న నిశ్శబ్దమే మట్టిగోడల మధ్యకు వచ్చింది. ఆడమనిషి ఊపిరి తీసుకుంది. గిరి చెప్పులు గూడా వేసుకోకుండా ఎండలో పరిగెత్తిపోయి మారెప్పను చెయ్యి పట్టి లాక్కొచ్చినాడు. నడిమధ్య కూర్చోబెట్టినాడు. మారెప్ప కళ్ళు మూసుకున్నాడు. పాట అయిపోయిందాకా ఇద్దరూ కదల్లేదు. వంటింటి గడపలో ఉమాదేవి గూడా నిలబడి వినింది.

"ఎంత బాగుండాదప్పా" అన్నాడు మారెప్ప. కళ్ళు తెరిచి ఫ్యాను వంక చూసినాడు. "కరెంటు ఇంత నిండుగా ఎట్లొచ్చిందిరా?"

గిరి గూడా ఫ్యాను వంక చూసినాడు. అతనికి అప్పుడే తట్టింది. అంతవరకూ సంతోషంలో ఆ ఆలోచనే రాలేదు.

మారెప్పే చెప్పినాడు. "మనోళ్ళ మోటర్లన్నీ ఆగిపోయినాయి గదా. ఇంగ తాగేటోళ్ళెవరుండారు?"

రెండో పాట మొదలైంది. మారెప్ప కొంచేపు విని తల దించుకున్నాడు.

"ఆపేయ్ గిరీ. బాగుండాది. అయినా ఆపేయ్."

గిరి ఆపేసినాడు. మారెప్ప లేచి, తువ్వాలు దులుపుకొని, పోయినాడు. ఆ వారంలోనే పిల్లల్ని, బయమ్మను తీసుకొని బెంగళూరికి బస్సెక్కినాడు. అక్కడ కట్టడాల దగ్గర పని దొరుకుతుందని ఎవరో చెప్పినారు. గిరి మూట అందించి బస్సు టాపు మీదికి ఎక్కించినాడు. "పోయొస్తాప్పా" అన్నాడు మారెప్ప. ఎప్పుడొస్తావని గిరి అడగలేదు.

తర్వాత గిరి ఒక్కడే ఒకట్రెండు సార్లు వేసి చూసినాడు. పాట అద్దంలా ఉండేది. అయినా సగంలోనే లేచి ఆపేసేవాడు. తిండిగింజలు అయిపోవస్తావుంటే ఆ స్పీకర్లను అమ్మేద్దామని అనుకున్నాడు. కల్యాణదుర్గం నుంచి పెండ్లిండ్లకు మైకులు కట్టే మనిషి వచ్చి, స్పీకర్ల చుట్టూ ఒకసారి తిరిగినాడు.

"దీంట్లో లైట్లు ఎలగవా?" అని అడిగినాడు.

"లైట్లు ఏమీ లేవు. పాట ఇనన్నా."

అతను సగం పాట గూడా వినలేదు. "ఎవరు కొంటారన్నా దీన్ని? ఇప్పుడొచ్చే డబ్బాలు సూస్తే గుండెలదిరిపోవల్ల. ఇంటిల్లిపాదీ ఇనుకునేదానికి బాగుండాదిలే" అని, కాఫీ తాగి పోయినాడు.

ఆ సాయంత్రం గిరి అరుగు మీద కూర్చొని ఉంటే ఉమాదేవి పక్కన వచ్చి కూర్చుంది.

"మనం గూడా బెంగళూరికి పోదాం. గార్మెంట్సులో ఆడోళ్ళకు పని ఉండాదంట" అంది. గిరి తల ఊపినాడు. "ఆ పొద్దు నీ మాట ఇని బోరు లోతు చేయించింటే..." అన్నాడు.

"చేయించింటే ఏమయ్యేది?" అంది ఆ యమ్మ. "మారెప్పన్న మూడుసార్లు ఏయించినాడు. ఏం దక్కింది? నువ్వు ఏయించినా అంతే. దానికి నిన్నేమీ అనను."

ఓదార్చాలనే అంది. గిరి మాత్రం అన్ని దినాలూ తప్పు తనదే అనుకుంటా ఉన్నాడు. తప్పు తనదైతే, ఇంకో రకంగా చేసివుంటే బాగుపడేవాళ్ళమనే ఆశ ఒకటి మిగిలివుండేది. ఏం చేసినా ఇంతేనని తేలిపోయినాక పట్టుకోడానికి ఏమీ లేదు.

వాకిలికి తాళం వేసి పోయినారు. ఉమాదేవి బట్టల ఫ్యాక్టరీలో కుట్టుపనికి కుదిరింది. గిరి పెద్ద మేడ ఒకదానికి కాపలా. రేకుల షెడ్డులో ఉండేవాళ్ళు. రెండేండ్ల తర్వాత, ఊళ్ళో వాన పడిందని కబురు తెలిసి, విత్తనాల పొద్దుకు వచ్చినారు. తలుపు తీస్తే చెదలు, ఎలకల వాసన. స్పీకర్ల ముందరి గుడ్డ చీలికలు పేలికలుగా ఉంది. శబ్దం పలికే లోపలి కాగితాన్ని ఎలకలు కొరికి, అందులోనే పిల్లలు పెట్టినాయి. గిరి వేలుతో అంచును తాకినాడు. పొడి అయి రాలింది. ఉమాదేవి తెచ్చిన శెనక్కాయ విత్తనాల మూటను, చెమ్మ తగలకుండా, ఒక స్పీకరు మీదనే పెట్టింది.

ఇద్దరూ కలిసి విత్తినారు. చేను బాగా మొలిచింది. పచ్చగా పరుచుకొని పసుపు పూలు పూసింది. పూల కింద ఊడలు నేలలోకి దిగి కాయ పట్టే పొద్దుకు ఇంకొక వాన కావాల. మబ్బు ప్రతి సాయంత్రం వజ్రకరూరు దిక్కున కమ్ముకొని, అట్లే పక్కకు పోయేది. ఊడలు గట్టినేల మీదనే ఎండి నిలబడినాయి.

పై ఊళ్ళనుంచి గొర్రెలోళ్ళు వచ్చి, మేపుకుంటామని చేను అడిగినారు. గిరి పోయి కంపచెట్ల కంచె పక్కకు లాగినాడు. గొర్రెలు ఒకదాన్నొకటి తోసుకుంటా లోపలికి పోయినాయి. ఉమాదేవి అప్పటికే ఇంట్లో మూట కడుతోంది. మధ్యాహ్నం బెంగళూరు బస్సుకు ఇంకా పొద్దుంది. గిరి గట్టు మీద కూర్చొని గొర్రెలు మేసేది చూస్తా ఉన్నాడు.